నాచారంలో డోరీన్ మిస్ బ్యాలే క్లాసు

మొన్న ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పూజాసామాన్ల దుకాణంలో అగరొత్తులు కొంటున్నాను. దుకాణాయన ఎవరికోసమో గుగ్గిలం గడ్డను చిన్న రోట్లో వేసి దంచుతున్నాడు. పసుపుపచ్చని పొడి లేచి ఘాటుగా ముక్కుకు తగిలింది. పక్కనున్న వాళ్ళకు ఆ వాసనతో దేవుడి గది గుర్తొచ్చి ఉంటుంది. నాకు పిల్లల పాదాలు గుర్తొచ్చాయి. గులాబీరంగు మెత్తటి బూట్లు తొడుక్కున్న పాదాలు. తలుపు పక్కన ఒక చెక్కపెట్టె నిండా గుగ్గిలం పొడి ఉండేది. పిల్లలు ఒకరి తరువాత ఒకరు దానిలో అరికాళ్ళు రుద్దుకుని, నున్నటి గచ్చు మీద జారకుండా వెళ్ళి వరుసగా నిలబడేవారు. ఆ పెట్టె డోరీన్ మిస్‌ది. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. ఈసారి వాసనే మొదలుపెట్టింది గనక చెబుతాను.

అప్పటికి నేను నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. మా ఆయన అక్కడికి దగ్గర్లోనే ఇంజనీరింగ్ షెడ్డులో పనిచేసేవాడు. ఇద్దరిదీ జనగామ వైపు. సాయంత్రం డ్యూటీ దిగి, మా పాప మేఘనను బడి నుంచి తీసుకుని, ఉప్పల్ బస్సు కోసం నిలబడేదాన్ని. బస్టాపు వెనక సందులో ఒక పాత మేడ, దాని గేటుకు బ్యాలే నేర్పుతామని ఒక రేకు బోర్డు. మేడ మీది గదిలోంచి సీడీలో పెట్టిన పియానో పాట వినిపించేది. ఏడేళ్ళ మేఘన బస్సు వచ్చినా కదలకుండా ఆ గేటు దగ్గరే నిలబడేది. "అమ్మా, లోపల ఏం జేస్తున్నరు?" అని ఒకరోజు అడిగింది. నాకూ తెలియదు. టీవీలో ఎప్పుడో తెల్లగౌన్ల అమ్మాయిలు మునివేళ్ళ మీద నడవడం చూశానంతే. తెలియదని చెప్పి బస్సెక్కవచ్చు. ఎందుకో గేటు తీశాను.

మెట్ల పైన ఒక పొడవాటి ఆంగ్లో-ఇండియన్ పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. తెల్లటి జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, మోకాళ్ళ కిందికి గౌను, ఒళ్ళో చేతికర్ర. ఆమే డోరీన్ మిస్. నేను లోలోపల ఇంగ్లీషు మాటలు కూడగట్టుకుంటుంటే ఆమే అంది: "ఎవరు గావాలె బిడ్డా?" ఆ తెలుగు విని ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాను. ఆమె నవ్వింది. "మా నాయన రైలు డ్రైవరు. లాలాగూడ రైల్వే క్వార్టర్లల్ల పుట్టి పెరిగిన. నాకు గీ తెలుగే వస్తది. పిల్ల నేర్చుకుంటనన్నదా, నువ్వు నేర్పిస్తనంటున్నవా?"

"ఇద్దరికీ ఏం తెల్వదు మిస్. లోపల ఏం జేస్తున్నరో సూద్దామని వచ్చినం."

"గట్లనా! అయితే కూసోండి, సూడుండ్రి," అంది. అలా చూడడానికి కూర్చున్నవాళ్ళం ఆరేళ్ళు వెళ్ళాం.

మిస్‌కు మోకాళ్ళు అప్పటికే పోయాయి. కుర్చీలోంచి లేచి అడుగు వేసి చూపించడం ఆమె వల్ల కాదు. అందుకని చేతులతో చూపించేది. రెండు అరచేతులూ రెండు పాదాలు. అవి ఒళ్ళో పక్కపక్కన నిలబడేవి, విడిపోయేవి, గాల్లోకి ఎగిరి ఒకదాని ముందు ఒకటి దిగేవి. పిల్లలు ఆ చేతులను చూసి కాళ్ళతో చేసేవారు. తల్లిదండ్రులకు గోడవార ఒక బెంచీ వేసింది. ఆ బెంచీకి ఒక నియమం ఉంది. క్లాసు అయ్యాక మాలో ఎవరైనా ఏదైనా అడగవచ్చు గానీ, 'మా పిల్ల మంచిగ చేసిందా?' అని మాత్రం అడగకూడదు. మొదటివారం నేను అదే అడిగాను. "అది ప్రశ్న కాదు బిడ్డా, మంచిగ చేసిందని చెప్పుమని అడుక్కునుడు. నీకు తెల్వనిది అడుగు," అంది.

మరుసటివారం అడిగాను: "కాళ్ళు గట్ల బయటికి ఎందుకు తిప్పుతరు మిస్? నడిచేటప్పుడు ఎవ్వరం తిప్పం గదా." ఆమె నన్ను లేపి, గోడకు బిగించిన ఇనుపగొట్టం పట్టుకోమంది. పాదాలు ముందుకే పెట్టి ఒక కాలు పక్కకు లేపమంది. కొంచెం లేచి, తుంటి దగ్గర పట్టేసి ఆగిపోయింది. "ఇప్పుడు పాదం కాదు, తొడ మొదటికెల్లి బయటికి తిప్పు. తిప్పినవా? లేపు." చీర కుచ్చిళ్ళు అడ్డం పడుతున్నా, ఇందాక ఆగిన చోటు దాటి కాలు పైకి వెళ్ళింది. నా ఒంట్లో అలాంటి తోవ ఒకటి ఉందని ముప్పైమూడేళ్ళూ నాకు తెలియదు. బెంచీ మీద కూర్చున్న తల్లులు నవ్వారు. మేఘన నవ్వలేదు, వంగి నా తొడను వేలితో పొడిచి చూసింది.

ఇంట్లో మా అత్తమ్మకు ఈ వ్యవహారం అంతుపట్టలేదు. "పాట లేదు, మాట లేదు, దేవుని కథ లేదు. గా ఎగురుడు ఏంది బిడ్డా?" అనేది. ఒక శనివారం తానే వస్తానంది. క్లాసంతా కళ్ళార్పకుండా చూసి, చివర బెంచీ మీదినుంచే అడిగింది: "గిందుల కథ ఏంది అక్కా?" మిస్ ఆమె వైపు తిరిగింది. "ఇయ్యాల కథ లేదక్కా. పిల్ల ఎగిరినప్పుడు పైన జరసేపు ఆగినట్టు కొడ్తది సూడు. ఎట్ల ఆగుతదో నాకు గూడ ఇంకా సమజ్ కాలే." అత్తమ్మ మళ్ళీ చూసింది. దారిలో ఆటోలో అంది: "నిజమే, ఆగుతున్నది." ఆ తరువాత దేవుని కథ ఊసెత్తలేదు. పిల్ల ఎగిరినప్పుడల్లా పైకే చూసేది.

రెండేళ్ళు గడిచాక మొదటి పరీక్ష వచ్చింది. ఏటా వేరే దేశం నుంచి ఒకావిడ వచ్చి సైనిక్‌పురిలో ఒక బడి హాల్లో పరీక్ష పెట్టేది. పిల్లలు ముగ్గురు ముగ్గురుగా లోపలికి వెళ్ళాలి. తల్లిదండ్రులు ఉండకూడదు, నేర్పిన టీచరూ ఉండకూడదు. అలవాటు కావడానికి మిస్ ముందుగా ఒక ఉత్తుత్తి పరీక్ష పెట్టింది. తన స్నేహితురాలినొకామెను బల్ల వెనక కాగితాలు ముందేసి కూర్చోబెట్టింది. పియానో మొదలైంది. మిగతా ఇద్దరు పిల్లలు కదిలారు. మేఘన నిలబడిన చోటే నిలబడిపోయింది. పాట అయిపోయేదాకా అలాగే ఉంది. ఇంటికొచ్చి బూట్లు మంచం కిందికి నెట్టి, "నేను పోను. ఇంక డాన్స్ వొద్దు," అంది.

మా ఆయన, "వొద్దంటే బలవంతమెందుకు, ఆడుకోనీకే గదా పంపినం," అన్నాడు. నాకేమో ధైర్యం చెప్పాలనిపించింది. ఏం చెప్పాలో అడుగుదామని మిస్ దగ్గరకు వెళ్ళాను.

"ఏం చెప్పకు," అంది మిస్. "ఎందుకు వొద్దో అడిగినవా?"

"భయం గదా మిస్. తెలుస్తనే ఉన్నది."

"నీకు తెలుస్తున్నది. అది చెప్పిందా?"

ఆ సాయంత్రం మేఘనకు జడ వేస్తూ అడిగాను. తొందరపెట్టలేదు. రెండో జడ సగానికొచ్చాక అంది: "ఆమె రాస్తనే ఉంటది. ఏం రాస్తదో నాకు కనపడది." అంతే సంగతి. కొత్త మనిషి భయం కాదు, తప్పు చేస్తానన్న భయం కాదు. నేను నా ఊహతోనే ధైర్యం చెప్పి ఉంటే, లేని జబ్బుకు మందు ఇచ్చినట్టయ్యేది.

మిస్‌కు చెబితే ఆమె కళ్ళు మెరిశాయి. మరుసటి క్లాసులో మేఘననే బల్ల వెనక కూర్చోబెట్టి, కాగితం, పెన్సిలు ఇచ్చింది. "ఇయ్యాల నువ్వే పరీక్ష పెట్టెటామెవు. మీ అమ్మ చేస్తది," అంది. నేను వద్దనేలోపే పియానో మొదలైంది. రెండేళ్ళుగా బెంచీ మీద కూర్చుని చూసినవన్నీ నాకు నోటికి వచ్చు. చేయబోతే చాలావరకు కాలికి రాలేదు. మోకాళ్ళు వంచి లేవడం వచ్చింది, గంతు సరిగా రాలేదు. అన్నిటికన్నా వింత, పెన్సిలు కాగితం మీద కదిలినప్పుడల్లా నా గుండె ఝల్లుమనేది. రాస్తున్నది నా తొమ్మిదేళ్ళ బిడ్డే అని తెలిసినా ఝల్లుమనేది. మేఘన నన్ను చూసేది, వంగి రాసేది, మళ్ళీ గబుక్కున తలెత్తేది. అయ్యాక గట్టిగా చదివి వినిపించింది: "మోకాళ్ళు మంచిగ వంచింది. మెడ గట్టిగ పెట్టింది. భయపడ్డది గాని ఆపలే." ఆపైన మిస్‌తో అంది: "రాసేటప్పుడు అమ్మ గంతు సూడలేకపోయిన మిస్. తల ఎత్తేసరికే కిందికొచ్చింది."

"మరి పరీక్ష పెట్టెటామెకు గూడ నీ గంతులు కొన్ని కనపడవు," అంది మిస్. "పాపం!"

మేఘనకు నవ్వాగలేదు. ఇంటికి రాగానే మంచం కింద దూరి బూట్లు వెతుక్కుంది.

పరీక్ష రోజు మెట్రో స్తంభాల కోసం తవ్విన ఉప్పల్ రోడ్డు దాటి, స్కూటరు మీద సైనిక్‌పురి చేరాం. వీధి నిశ్శబ్దంగా ఉంది. మిస్ కూడా మాతోపాటే బయట అరుగు మీద కూర్చుంది. లోపలినుంచి సీడీ పాట వినిపిస్తుంటే ఏ అడుగు పడుతోందో నాకు తెలుస్తూనే ఉంది. మిస్ చేతులు ఆమె ఒళ్ళో కదులుతున్నాయి. గంతుల పాట వచ్చింది. సగంలో కరెంటు పోయింది, పాట ఆగింది. మిస్ చేతులు గాల్లో ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, ఎక్కడా లెక్క తప్పకుండా, మెత్తటి బూట్లు గచ్చు మీద దిగుతున్న చప్పుడు వినిపించింది. మొదట ఒకరిది, తరువాత ముగ్గురిదీ. మిస్ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

మేఘన పరుగెత్తుకుంటూ వచ్చింది. "నేను ఆమెను అడిగిన, ఏం రాసిన్రని!" మా ఆయన తల పట్టుకున్నాడు. "చెప్పొద్దట. నువ్వైతే ఏం రాస్తవని నన్నే అడిగింది. పాట ఆగినంక చేసినయి ఎక్కువ మంచిగొచ్చినయని చెప్పిన." ఫలితం కొన్ని వారాలకు వచ్చింది, పాసయింది. ఎన్ని మార్కులని మిస్ అడగలేదు. పాట ఆగినప్పుడు లోపల ఎలా అనిపించిందో మాత్రం మేఘన చేత రెండుసార్లు చెప్పించుకుంది.

తరువాత మరికొన్ని పరీక్షలు రాసింది మేఘన. పదమూడో ఏట, ఇక కీబోర్డు నేర్చుకుంటానంది. ఎందుకని ఈసారి మిస్సే అడిగింది. "గా పాట ఎట్ల పుడుతదో తెలుసుకోవాలె," అంది పిల్ల. మిస్ ఆమె బుగ్గలు రెండూ నిమిరి పంపింది.

ఉప్పల్‌లో మెట్రో రైలు మొదలైన ఏడాది మిస్ నాచారం ఇల్లు ఖాళీ చేసి బెంగుళూరులో చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు చూడడానికి వెళ్ళాను. గదిలో ఇనుపగొట్టాలు విప్పేశారు, గోడకు రంధ్రాలు మిగిలాయి. ఇన్నేళ్ళలో అడగనిది ఒకటి అడిగాను. "మీరు పరీక్షలు రాసిన్రా మిస్?"

"లేదు. నా చిన్నప్పుడు రైల్వే క్లబ్బుల ఒక దొరసాని నేర్పుతుండె. పరీక్షకు పేరిచ్చిన. ముందురోజు వొద్దన్న. మా అమ్మ మంచిది, సరే బిడ్డా అన్నది." చేతికర్ర గోడకు ఆనించింది. "ఎందుకు వొద్దు అని అడగలె. అడిగితే చెప్పేదాన్ని."

"ఎందుకు మిస్?"

ఆమె నా వైపు తిరిగి, ఇంతకాలానికి ఒకరు అడిగారన్నట్టు నవ్వింది. "బూట్లు ఇరుకైనయి. కొత్తవి కొనుమని నాయనకు చెప్పనీకి మనసు రాలె."

నేను ఇప్పటికీ ఆ ల్యాబులోనే ఉన్నాను. కొత్త పిల్లలకు పని నేర్పడం నా వంతు. కిందటి నెల సిద్దిపేట నుంచి వచ్చిన అమ్మాయి చేరిన పదిరోజులకే వచ్చి, "నాతోని కాదు మేడం, మానేస్త," అంది. దూరం వల్ల అనుకున్నాను, యంత్రాలంటే భయం అనుకున్నాను. ధైర్యం చెప్పే మాటలు వరుసగా నోటిదాకా వచ్చాయి. వాటిని అక్కడే ఆపి, "ఎందుకమ్మా?" అని అడిగి ఊరుకున్నాను. ఆ అమ్మాయి తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. తరువాత స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది.