చావడి ఎక్కిన మా మేనత్త

ఎల్లారెడ్డిలో మా మేనత్త పోయిందన్న కబురు బస్సు డ్రైవరు తెచ్చాడు. కామారెడ్డి స్టేషను దగ్గర జనాన్ని దించి నేరుగా మా ఇంటికి వచ్చి, "అక్కా, మీ అత్తమ్మ పొద్దుగాల కాలం చేసింది. బండి మల్ల పోతది, తయారుగుండు" అన్నాడు. ఏడవడానికి తీరిక దొరకలేదు. దారి పొడుగునా ఏడ్చాను.

ఇప్పుడు అందరూ ఆమెను ధైర్యవంతురాలంటున్నారు. నాకు తెలిసిన అత్తకు ధైర్యం కన్నా చిరాకు ఎక్కువ. అన్నం మెత్తబడితే చిరాకు, మాట మధ్యలో ఎవరైనా అందుకుంటే మరీ చిరాకు. చిన్న వయసులోనే భర్త పోతే సేద్యం తనే చూసుకుంది. పట్టా ఆమె పేరునే ఉన్నా, ఊరి చావడికి మాత్రం మరిది వెళ్లేవాడు. చావడిలో ఆడవాళ్లు కూర్చునే ఆచారం లేదు. గోడ వెనక నిలబడి చెబితే, ఇంటి మగవాడు విని లోపలివాళ్లకు చెప్పాలి.

ఊరికి సర్కారు బావి మంజూరైనప్పుడు తహసీల్దారు వచ్చి ఎక్కడ తవ్వించమంటారని అడిగాడు. మగవాళ్లు కల్లు దుకాణం ముందు జాగా చూపించారు. బండ్లు ఆగేది అక్కడే, ఎడ్లకు నీళ్లు దగ్గరవుతాయి. చుట్టపుచూపుగా వచ్చిన నేను గోడ వెనక ఆడవాళ్లలో అత్త పక్కనే ఉన్నాను. "కల్లు దుకాణం ముంగట వద్దని చెప్పు. పొద్దుగూకినంక బిందె పట్టుకొని ఎవలు పోతరు?" అని ఆమె మరిదితో అంది. ఆయన లోపలికి వెళ్లి, "ఆడోళ్లకు గూడ సమ్మతమేనట" అన్నాడు.

అత్త గోడ చుట్టూ తిరిగి వచ్చి మెట్లెక్కింది.

"వదినా, ఇంటికి పో. నేను మాట్లాడుతున్న గద" అన్నాడు మరిది.

"నువ్వు చెప్పింది నా మాట కాదు" అని ఆమె మగవాళ్లు కూర్చున్న గద్దె చివర కూర్చుంది. తెలుగు రాని తహసీల్దారు కోసం పట్వారీ ఆమె మాటను ఉర్దూలోకి మార్చబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మళ్లీ నడుమ ఇంకొకరెందుకని కాబోలు. అంగట్లో నేర్చిన ఉర్దూలో తనే చెప్పింది: "పానీ హమ్ భర్తే, జగా భీ హమ్ బోల్తే." నీళ్లు తోడేది మేము, జాగా చెప్పేదీ మేమే అని. తహసీల్దారు నవ్వాడు గాని, లేచి గోడ వెనకనున్న ఆడవాళ్లు చూపిన చోటికి, ఇళ్ల నడుమకు నడిచాడు. బావి అక్కడే పడింది.

మరిది చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. నేను ఆయన్ను తిట్టబోతే అత్తే ఆపింది. "ఆయన చెడ్డోడు కాదే. ఎన్నడు నీళ్లు మొయ్యలె, గంతే."

ఆ తర్వాత చావడిలో ఏ మాట నడిచినా వెళ్లి అక్కడే కూర్చునేది. ఇంకో ఆడమనిషి మాత్రం రాలేదు. ఆమె ఉంది కదా, మేమెందుకనుకున్నారు.

ఒకసారి కామారెడ్డిలో ఆడవాళ్ల సభ జరిగితే తీసుకుపోయాను. సర్కారు నడిపేచోట స్త్రీలకూ స్థానం ఉండాలని పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. అత్త శ్రద్ధగా విని, "మంచిగ చెప్తుండు. గని ఆ గద్దె మీద ఆడిది ఒక్కతె గూడ లేదేందే?" అంది. ఇంటికి వచ్చాక అంది: "ఒక్కతె ఉంటె మొండిదంటరు. నలుగురుంటె ఊరంటరు."

ఆ నలుగురు రాకుండానే పోయింది. నాకు అదే బాధ.

దశదినం ముగిసిన మరునాడు చావడిలో మనుషులు చేరారు; నేను గోడ పక్కన నిలబడ్డాను. యుద్ధం వల్ల దీపాలకు గ్యాసునూనె కరువు; వచ్చిన కొద్దిపాటి నూనెను ఎప్పుడు పంచాలనేది మాట. గద్దె చివర అత్త కూర్చునే చోటును మరిది కండువాతో తుడిచి, ఎవరినీ కూర్చోనివ్వలేదు. "వదిన జాగ" అంటూ కళ్లొత్తుకున్నాడు. ఆయన మీద ప్రేమ కలిగింది, భయమూ వేసింది. ఈ మర్యాదతో ఆ చోటు ఎప్పటికీ ఖాళీగానే ఉండిపోతుంది.

పొద్దున్నే పంచుదామని పట్వారీ తేల్చబోతుండగా, అత్త పొలంలో నాట్లు వేసే కూలామె పిల్లను చంకన వేసుకొని మెట్లెక్కింది.

"అది ఆమె జాగ" అన్నారెవరో.

"ఎరుకే. జర జరుగుండ్రి" అని కూర్చుంది. "పొద్దుగాల మేం నాట్లల్ల ఉంటం. నూనె పొద్దుగూకినంక పంచాలె."

మరిది కండువా భుజాన వేసుకొని పక్కకు జరిగాడు. కింద మెట్ల దగ్గర ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, కాళ్లకు ఎండిన మడి బురదను రాయికి గీకి దులుపుకుంటున్నారు.