ఓబుళప్ప వేసిన అతుకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రొద్దంలో ఎవరినడిగినా చెబుతారు. మా బావ ఓబుళప్ప అలా కాదు. హిందూపురంలో లారీలు బాగుచేసే మెకానిక్కు. పది మాటలు ఆడాల్సిన చోట ఒకటి ఆడేవాడు. ‘ఓబుళప్ప అతుకేస్తే బండి ఇంకోచోట విరగాల్సిందేగానీ ఆ చోట విరగదు’ అని పెనుకొండ నుంచి ధర్మవరం దాకా లారీ డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. మా అక్క మారక్కను మా నాయన ఆయనకిచ్చింది కూడా ఆ పేరు చూసే. ఆస్తి ఏముంది, మన్ను!

1961లో నాకు కారు పిచ్చి పట్టింది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి వెంకటప్ప దగ్గర రెండు సీట్ల రేసు కారు ఉండేది. ఎర్రటిది, పైన కప్పు లేనిది, ఇంగ్లండు సరుకు. పన్నెండేళ్ల పాతది. ఇంజను పొగ కక్కేది, బ్రేకు రెండుసార్లు తొక్కితేగానీ పట్టేది కాదు, ఒక తలుపును తాడుతో కట్టారు. అయినా దాన్ని చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

బావి కింది నాలుగెకరాలు అమ్మితే కారు వస్తుంది. కొనడానికి చౌడప్ప అనే ఆసామి సిద్ధంగా ఉన్నాడు. నాయన పోయి మూడేళ్లయింది, ఇంట్లో అడ్డుచెప్పేవాళ్లు లేరు. అక్క మాత్రం హిందూపురం నుంచి పరుగెత్తుకొచ్చింది.

“ఆ బావి నాయన తవ్వించినాడ్రా! దాన్ని అమ్ముకోని కార్లో యాడికి పోతావు? సేనికా?” అని ఏడ్చింది.

“బావ చూసి బాగుండాదంటే కొంటా, లేదంటే మానేస్తా. సరేనా?” అన్నాను.

ఎందుకంత ధైర్యంగా మాటిచ్చాను? బాగుందంటాడని నాకు ముందే తెలుసు కాబట్టి. అయిదేళ్ల కింద ఆ కారు పెనుకొండ దగ్గర బండరాయికి కొట్టుకుని అడుగున కారును మోసే ఇనుప చట్రం, ఛాసిస్, విరిగితే, అతికింది ఆయనే. తన పనికి తానే వంక పెట్టుకునే మనిషి ఎక్కడైనా ఉంటాడా?

శనివారం పొద్దున్నే రైల్లో ఇద్దరమూ ధర్మవరం వెళ్లాం. బావ చొక్కా విప్పి, గోనెసంచి పరుచుకుని, చిన్న సుత్తితో కారు కిందికి దూరాడు. నేను బయట నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాను. సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి. కంగుమంది, కంగుమంది, ఉన్నట్టుండి ఒక దెబ్బ మొద్దుగా పలికింది. మళ్లీ అక్కడే కొట్టాడు. మళ్లీ అదే మోత.

బయటికొచ్చినప్పుడు ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“వద్దు నారాయణా. నా అతుకు పగిలింది” అన్నాడు.

వెంకటప్ప పకపకా నవ్వాడు. “ఏమప్పా ఓబుళప్పా, బామ్మర్దికి ధర తగ్గించల్లని ఆటలా? నువ్వేసిన అతుకు పగిలేదేంది?”

నేను కిందికి దూరి చూశాను. నల్లటి రంగు, పాత గ్రీసు. పగులూ లేదు, ఏమీ లేదు. నా ఒళ్లు మండింది.

“యాడుండాది పగులు? చూపించు!”

“కండ్లకు కనపడదు. మోత చెప్తాది. ఆ పొద్దే లోపల ఇనుప పట్టీ పెట్టి అతకల్ల. పెట్టలేదు, పైపైన అతికినా. అందరూ శబాష్ అంటాంటే నోరు మూసుకున్యా.”

ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు తెలియలేదు. నలుగురూ వింటుండగా అరిచాను.

“అక్క నేర్పిచ్చి పంపించింది గదా? ఆడదాని మాటిని అబద్ధమాడతాండావు!”

ఛీ! నా నోరు పడిపోయుంటే బాగుండేది.

బావ సుత్తిని గోనెసంచిలో చుట్టి, చొక్కా తొడుక్కున్నాడు. నేను ఊరుకున్నానా? లేదు. మేము ఎద్దును కొనేముందు బరువు బండికి కట్టి ఏటి ఇసుకలో లాగించి చూస్తాం. లాగితే కొంటాం, చతికిలబడితే తోలుకుపొమ్మంటాం. అదే చేద్దామన్నాను. ఇద్దరు కూర్చునే కారుకు వేరుశనక్కాయ మూటల పరీక్ష పెట్టిన తెలివిమంతుణ్ణి నేనే.

“విరిగితే?” అన్నాడు బావ.

“నీ అతుకు మింద నాకు నమ్మకముండాది, తోలుకోపో” అన్నాడు వెంకటప్ప.

మా ఇద్దరికీ ఆయన అతుకు మీద ఉన్న నమ్మకం ఆయన మాట మీద లేకపోయింది.

“విరిగితే నేనే ఊరికే బాగుచేసిస్తా” అన్నాడు బావ.

కారును చిత్రావతి ఏటి దగ్గరికి తీసుకెళ్లాం. సీటు వెనక మూడు మూటలు కుక్కాం. బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు, పక్కన నేను ఎక్కబోయాను.

“దిగు.”

“నేను కొనే బండి, నేను...”

“దిగు నారాయణా. మీ యక్కకు నేను జవాబు చెప్పుకోలేను.”

దిగాను. వద్దులే బావా అనాలని నోటిదాకా వచ్చింది. పౌరుషం అననివ్వలేదు.

కారు ఏట్లోకి దిగింది. ఇసుక చిమ్ముతూ, పొగ కక్కుతూ సగం ఏరు దాటింది. వెంకటప్ప నా భుజం తట్టాడు, “చూసినావా?” అని. నేను తలూపాను. అవతల గట్టుకు ముందు గుండ్రాళ్లు ఉన్నాయి. ముందు చక్రం వాటి మీదికెక్కిందో లేదో, ఫటేలుమంది. కారు నడుము నేలకు కుంగింది. ముందు చక్రం పక్కకు తిరిగిపోయింది, స్టీరింగు గిర్రున వెనక్కి తిరిగి బావ కుడి మణికట్టును విరిచేసింది.

పరుగెత్తాను. ఆయన ఇసుకలో కూర్చుని చేతిని ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

“చూడు, ఆడనే విరిగినాదా?” అన్నాడు.

వంగి చూశాను. అతుకు దగ్గరే.

“ఆడనే బావా.”

“అయితే నేను అబద్ధం చెప్పలేదు గదా.”

నేను ఇసుకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

కారును ఎద్దులతో గట్టుకు లాగించి, లారీ మీద హిందూపురం చేర్చాం. మాటిచ్చాడు కదా, బాగుచేయాలి. చెయ్యి కట్టులో ఉంది. ఆ చెయ్యి నేనయ్యాను. మూడు నెలలు రోజూ రొద్దం నుంచి బస్సెక్కి వెళ్లేవాణ్ణి. ఆయన వెనక నిలబడి “ఇంగోతూరి” అనేవాడు, నేను కాల్చుకున్న వేళ్లు ఊదుకుంటూ మళ్లీ అతికేవాణ్ణి. ఈసారి లోపల ఇనుప పట్టీ పెట్టాం. బావ మణికట్టు మాత్రం సరిగా అతుక్కోలేదు. వేళ్లు ముడుచుకునేవి కావు. మధ్యాహ్నం సంగటి ముద్ద అక్కే తుంచి నోట్లో పెట్టేది. అటు చూడలేక నేను గోడవైపు తిరిగి తినేవాణ్ణి.

పని అయిపోయిన రోజు బావ ఎడమచేత్తో సుత్తి పట్టుకుని కారు కిందికి దూరాడు. కొట్టిన ప్రతిచోటా కంగుమంది. బయటికొచ్చి, సుత్తి నా చేతిలో పెట్టాడు.

“ఇప్పుడు బాగుండాది. కావల్లంటే కొనుక్కో.”

ఏ మాట కోసం ఆయన్ను నలుగురిలో అబద్ధాలకోరును చేశానో ఆ మాట అదే. గుమ్మంలో అక్క నా నోటివైపే చూస్తోంది.

“వద్దు బావా, వెంకటప్పకు పంపించేద్దాం” అన్నాను. “రేపు లారీ ఏదన్నా వస్తాదా పనికి?”

“వస్తాది. పొద్దున్నే రా.”