మిల్లు రోడ్డు మీద నారు

రోడ్డెక్కిందంటే వెంకటశేషమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటుంది. తారు ఎక్కడ బీటలు వారిందో అరికాలికి తెలిసినట్టు కంటికి తెలియదంటుంది. పెన్న పక్కనున్న ఆ చిన్న మునిసిపాలిటీలో ఇరవై ఆరేళ్లుగా రోడ్డు పనే ఆమెకు బతుకు. ఇప్పుడు ఎనిమిది మందికి మేస్త్రీ. నోరా, అబ్బో! కమిషనర్ ముందైనా తగ్గదు.

కొత్తగా వచ్చిన ఇంజనీరు ప్రత్యూష ఈ ఏడు మంచి పనే తలపెట్టింది. చెడిపోయిన రోడ్డును మళ్లీ వేయడం చిన్న ఊరికి తలకు మించిన భారం. బీటలుగా ఉన్నప్పుడే, పెద్ద వానలకు ముందే, వేడి తారు పోసి మూసేస్తే ఇంకో ఐదేళ్లు ఢోకా ఉండదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమెందుకు? అందుకే వీధివీధీ తిరిగి సెల్‌ఫోన్లో ఫొటోలు తీసి, ముందు ఏ రోడ్డు బాగుచేయాలో జాబితా రాసింది.

అందులో మిల్లు రోడ్డు లేదు!

వెంకటశేషమ్మ నేరుగా ప్రత్యూష దగ్గరికి వెళ్లింది. పన్నెండేళ్ల కిందట మండుటెండలో ఆమె చేతుల మీదుగా పడిన రోడ్డది. ఈసారి తారు పడకపోతే వానలకు నీళ్లు దిగి కంకర లేచిపోవడం ఖాయం.

"రోడ్డు నిండా బీటలే మేడమ్. నా కాలు అబద్ధం చెప్పదు."

"ఫొటోలో నున్నగా ఉందక్కా. కాలు చెప్పిందని ఫైల్లో ఎట్టా రాసేది? సోమవారం పదకొండుకు జాబితా మీద కమిషనర్ సంతకం. ఆలోపు ఏదైనా చూపించు, చేరుస్తా."

నున్నగా ఉండక ఏం చేస్తుంది? రెండో పంట ఎడగారు కోతలు మొదలైన దగ్గర్నుంచీ రైతులు ఆ రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తున్నారు. పొట్టూ దుమ్మూ గింజలూ బీటల్లో కూరుకుపోయి, పైన చీపురు తిప్పేసరికి మెత్తినట్టు అయిపోయింది. వెంకటశేషమ్మ గునపంతో రెండుచోట్ల గోకి చూపించింది. రెండు బీటలకే రోడ్డు చేర్చలేనంది ప్రత్యూష.

బుధవారం వాన దంచికొట్టింది. రైతులు వడ్లు ఎత్తుకుపోయారు. తర్వాత నాలుగు రోజులూ ఎండ.

సోమవారం పొద్దున్నే మిల్లు రోడ్డు మలుపు తిరిగిన వెంకటశేషమ్మ కెవ్వున కేక పెట్టింది. రోడ్డంతా పచ్చని గీతలు! బీటల్లో చిక్కిన గింజలు ఒక్కటీ వదలకుండా మొలిచినై. అడ్డంగా, నిలువుగా, వల పరిచినట్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నారే. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వెంటనే ఫోన్ చేసింది.

"మేడమ్! ఉన్నపళంగా రా! నీ ఫైలుకు కావలసింది మొలిచింది!"

ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి రైతు రమణయ్య బర్రెలు నాలుగు మలుపు దగ్గర మూతులు దించి, నారు నములుతున్నాయి. ఓరి దేవుడో! చేతిలోని చెప్పులు ఊపుకుంటూ పరుగెత్తింది.

"ఏంది శేషమ్మా, గడ్డిక్కూడా కాపలానా?" నవ్వాడు రమణయ్య.

"గడ్డి గాదు నాయనా, నా సాక్ష్యం! నీ గొడ్లు మేసేస్తే పదకొండుకు ఏం జూపించేది? తోలు, తోలు!"

రమణయ్య వంగి చూశాడు. "ఓసినీ, ఇవి నా వడ్లే గదా!" అంటూ బర్రెల్ని మళ్లించి, తానూ కర్ర పట్టుకుని నారుకు కాపలా నిలబడ్డాడు.

పదింటికి ప్రత్యూష స్కూటర్ దిగింది. గబగబా నలభై ఫొటోలు తీసుకుని పరుగున వెళ్లింది. పదకొండుకు సంతకమైన జాబితాలో మిల్లు రోడ్డే మొదటిది.

మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. ఈసారి ఫోన్ బయటికి తీయలేదు.

"బడి వీధిలో వడ్లు పోయలేదు కదక్కా, అక్కడ నారు మొలవదు," అంటూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. "కాలికి ఎట్టా తెలుస్తుందో నాకూ నేర్పు, పద."