అరువు తిరిగిన వాల్వు

పశ్చిమ సిడ్నీ పంచ్‌బౌల్‌లో నదీమ్ సబ్బాగ్ వీధిలో టర్బో కార్లు చాలానే ఉండేవి. కంపెనీ బిగించిన డైవర్టర్ వాల్వు మాత్రం ఒక్కటే మిగిలింది. అది నదీమ్ వంటింట్లో ఆలివ్ కాయల జాడీ పక్కన ఉండేది.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే టర్బో తోసిన గాలికి దారి మూసుకుపోతుంది. ఆ గాలిని చప్పుడు కాకుండా పక్కకు మళ్లించడమే ఆ వాల్వు పని. దాన్ని పీకి రేకుముక్కతో మూసేస్తే గాలి వెనక్కి తన్ని, పావురాల గుంపు లేచినట్టు 'తుతుతుతూ' అంటుంది. ఆ కూత కోసం కుర్రాళ్లే కాదు, నలభై దాటిన నదీమ్ కూడా వాల్వు పీకేశాడు. ఏటా బండి తనిఖీకి మాత్రం అందరికీ వాల్వు కావాలి. పెళ్లికోటు అరువిచ్చినట్టు ఇచ్చేవాడు నదీమ్.

పగలంతా సముద్రపు ఒడ్డున డబ్బున్నవాళ్ల ఇళ్లలో టైల్స్ పరిచేవాడు. అక్కడి కార్లు కదిలితే తుపాకులు పేలినట్టుండేది. అది కంపెనీ పెట్టిన చప్పుడు, కాబట్టి చట్టబద్ధం. మెకానిక్ పెట్టిన చప్పుడు నేరం.

ఒక సాయంత్రం ఆ నేరానికే కానిస్టేబులు నదీమ్ బండి అద్దానికి పసుపు కాగితం అంటించాడు. వారంలోగా వాల్వు బిగించి చూపించకపోతే బండి రోడ్డెక్కకూడదు. బండి లేకపోతే టైల్స్ కోసే మిషను నెత్తిన మోయాలి. పని పోయినట్టే.

జాడీ పక్కన వాల్వు లేదు. చివరిసారి దాన్ని అరువు తీసుకున్న బాబాయి కొడుకు ఘస్సాన్‌కి ఫోను చేశాడు.

"వాల్వేదిరా?"

"బండిలోనే ఉందన్నా."

"బండేది?"

"అమ్మేశా. పెన్రిత్‌లో వెర్నా అని రిటైరైన టీచరమ్మకి. చప్పుడు లేదని మెచ్చుకుని మరీ కొంది."

"ఆవిడ మెచ్చుకుంది నా వాల్వునిరా గాడిదా."

భార్య హియాం అంది: "ఊరందరినీ గట్టెక్కించావు. నీ వంతొచ్చేసరికి ఆలివ్ కాయలు మిగిలాయి."

మిఠాయి పెట్టె పట్టుకుని పెన్రిత్ వెళ్లి, సంగతంతా చెప్పాడు.

"రెండ్రోజులు ఇప్పించండమ్మా. అందాకా మీ బండికి నా రేకుముక్క పెడతాను. కాస్త కూస్తుంది, అంతే."

"కూయనీ నాయనా," అంది వెర్నా.

తనిఖీ గట్టెక్కింది. పసుపు కాగితం ఊడింది. మాట ప్రకారం వాల్వు తిరిగివ్వడానికి వెళ్తే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"రేకుముక్కే ఉండనీ. ముప్పయ్యేళ్లు పిల్లల్ని సైలెన్స్, సైలెన్స్ అన్నాను. ఇప్పుడు నా వంతు."

"పోలీసులు ఆపుతారమ్మా."

"నిన్న ఆపారుగా. టైరులో గాలి తగ్గిందని చెప్పి, జాగ్రత్తగా వెళ్లమన్నారు."

వాల్వుతో, చప్పుడు లేని బండిలో నదీమ్ తిరిగొస్తుంటే అదే కానిస్టేబులు ఆపాడు. లైసెన్సు మీద చిరునామా చదివాడు. బానెట్ ఎత్తించి వాల్వు చూశాడు.

"ఎవరి దగ్గర అరువు తెచ్చావు?"

"నాదేనండీ. ఇంతకీ ఏ చప్పుడు విని ఆపారు?"

కానిస్టేబులు బానెట్ మూశాడు. లైసెన్సు చేతిలో పెట్టి పొమ్మన్నాడు.

నదీమ్ ఇంటికొచ్చి, వాల్వు విప్పి జాడీ పక్కన పెట్టాడు. కత్తెర తీసుకుని కొత్త రేకుముక్క కత్తిరించడం మొదలుపెట్టాడు.

"మళ్లీ ఆపుతారు," అంది హియాం.

"ఎలాగూ ఆపుతున్నారుగా. కూతెందుకు వదులుకోవడం?"