క్రేను నడిపే గుండీ

మా పార్కులో ఇసుక గుంటకి ఒక చట్టం ఉంది. గేటు పక్కన బోర్డు మీద రాసింది కాదు. ఆ బోర్డు మీద ‘పూలు కోయరాదు’ అని తప్ప ఇంకేమీ లేదు, పార్కులో పూలూ లేవు. ఇసుక గుంట చట్టం చేసింది టైలరమ్మ. ఇసుకలోకి దిగిన బొమ్మ అందరిదీ, ఇంటికి పోయేటప్పుడే ఎవరిది వాళ్ళకి. ఈ ఒక్క ముక్కతో ఆవిడ ఎంతమంది తల్లులు జుట్టూ జుట్టూ పట్టుకోకుండా ఆపిందో నాకు తెలుసు, ఎందుకంటే నేను ఆ గుంట ఎదురు బెంచీ మీదే కూర్చుంటాను. బస్సు నడిపి రిటైరయినవాణ్ణి. ఇప్పుడు నా డ్యూటీ కవల మనవల వెనక పరుగెత్తడం. బస్సే నయం, దానికి బ్రేకులుండేవి.

టైలరమ్మ కొట్టు మా సందు చివర మేడమెట్ల కింద ఉంటుంది. ఒక మిషను, ఒక బల్ల, తల పైకెత్తితే తగిలేన్ని బట్టలు. మెడలో టేపు తీయడం మర్చిపోయి పార్కుకి కూడా అలాగే వస్తుంది. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. చిరిగిన చొక్కా పట్టుకెళితే కుట్టుకి డబ్బులు తీసుకుంటుంది, చీవాట్లు మాత్రం ఉచితం. భర్త పోయాక ఆ మిషను తొక్కుతూనే కూతుర్ని నర్సుని చేసింది. కూతురు ఆసుపత్రికి వెళ్ళిన వేళ మనవరాలు ఈవిడ దగ్గరే ఉంటుంది. అల్లుడు క్రేను నడుపుతాడు. ఎక్కడ వంతెన కడితే అక్కడ అతని కాపురం, నెలల తరబడి ఇంటి మొహం చూడడు.

మనవరాల్ని అందరం పిచ్చుక అంటాం. గుప్పెడంత ఉంటుంది, కిచకిచలు మాత్రం ఆగవు. ఆ పిల్లకి వాళ్ళ నాన్న కొనిచ్చిన పసుపుపచ్చ బొమ్మ క్రేను ఒకటుంది. దాని డ్రైవరు సీట్లో నీలం గుండీ కూర్చుని ఉంటుంది. ‘ఎవరే అది?’ అని ఒకసారి అడిగాను. ‘నాన్న’ అంది, ఆ మాత్రం తెలీదా అన్నట్టు చూస్తూ.

ఒక సాయంత్రం మా కవలల్లో పెద్దవాడు ఆ క్రేను కావాలని పేచీ పెట్టాడు. పిచ్చుక దాన్ని పొట్టకి కరుచుకుంది.

“ఇచ్చేయవే తల్లీ, పంచుకోవాలి” అంది టైలరమ్మ బెంచీ మీంచే.

“లోపల నాన్న ఉన్నాడు అమ్మమ్మా.”

“ఉంటే ఉండనీ. కాసేపు వాడి దగ్గర డ్యూటీ చేస్తాడు.”

బెంచీల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పిల్ల కదల్లేదు. చట్టం చేసినావిడ మనవరాలే చట్టం తప్పితే పరువేం కావాలి? టైలరమ్మ లేచి వెళ్ళి, ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, క్రేను తీసి మావాడి చేతిలో పెట్టింది. మావాడు దాన్ని తిరగేశాడు, బోర్లేశాడు, ఇసుకలో పాతి పైకి తీశాడు. ఇంటికి పోయే వేళకి క్రేను తిరిగి వచ్చింది, సీటు మాత్రం ఖాళీ.

పిచ్చుక ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. టైలరమ్మ నవ్వుతూ సంచీలోంచి డబ్బా తీసి, గలగలలాడించి, ఒక నీలం గుండీ ఏరి పిల్ల ముందు పెట్టింది.

“ఇదిగోనే, మీ నాన్న.”

“ఇది నాన్న కాదు.”

“గుండీలు కుట్టి కుట్టి కళ్ళు పోగొట్టుకున్నదాన్ని, నాకు తెలీదా? అదే రంగు, అదే సైజు, అవే నాలుగు కన్నాలు.”

“కాదు” అంది పిల్ల.

మర్నాటి నుంచి పిచ్చుక బొమ్మల సంచీ ముడి విప్పడం మానేసింది. సంచీని ఒళ్ళో పెట్టుకుని గుంట గట్టు మీద కూర్చునేది, పోయేటప్పుడు లేచి పోయేది. టైలరమ్మ ముందు కసిరింది, తర్వాత బుజ్జగించింది, ఆ తర్వాత మొహం మాడ్చుకుని కూర్చుంది. చివరికి ఒకరోజు నా బెంచీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

“దారిలో నా చెయ్యి పట్టుకోవటం లేదన్నయ్యగారూ. గోడ పట్టుకుని నడుస్తోంది. రోడ్డు దాటేటప్పుడు నేనే పట్టుకుంటే, దాటగానే లాగేసుకుంటోంది.”

ఎంత నోరున్న మనిషి! ఆ మాట చెబుతూ మెడలో టేపుని వేలికి చుట్టుకుంటోంది. నాకు జాలేసింది. మావాడి వీపు మీద ఒకటి వేద్దామనుకున్నాను. కానీ వాడు చేసిందేముంది, చేతికిచ్చిన బొమ్మతో ఆడుకున్నాడు.

ఆ వారంలోనే కొత్త ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని టైలరమ్మ కొట్టుకి వెళ్ళాను. పెద్దవాడు నా వెంటే, వాడి చంకలో ఒక అట్టపెట్టె. ఇక్కడ టైలరమ్మ కత్తెర గురించి చెప్పాలి. బరువైన ఇనుప కత్తెర, దానికో గుడ్డ తొడుగు. ఆ కత్తెరని ఇంకెవరూ ముట్టుకోకూడదు. దాంతో కాగితం కోసి పదును పోగొట్టిందని కూతురు చిన్నప్పుడు దెబ్బలు తింది. అల్లుడు ఒకసారి పాల ప్యాకెట్టు కోయబోతే, అల్లుడని కూడా చూడకుండా ఆవిడ వేసిన కేక సందు మొదట్లో ఉన్న మా ఇంటికి వినబడింది.

నన్ను స్టూలు ఎక్కించి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ప్యాంటు అంచు మడుస్తోంది. బల్ల అవతల నుంచి కరకరమని చప్పుడు వచ్చింది. చూస్తే మావాడు రెండు చేతులతో ఆ కత్తెర పట్టుకుని అట్టపెట్టెకి కిటికీ కోస్తున్నాడు. పిచ్చుక పక్కన కూర్చుని పెట్టె కదలకుండా పట్టుకుంది.

సూదులు నేల మీద రాలిపోయాయి. “ఎవరిచ్చారే అది!” అంటూ టైలరమ్మ చెయ్యెత్తింది.

“వాడు అడిగాడు, నేను ఇచ్చా” అంది పిచ్చుక. “పంచుకోవాలి కదా.”

ఆ మొహంలో కొంటెతనం ఏమాత్రం లేదు. నేర్పిన పాఠం తప్పు లేకుండా అప్పజెప్పింది, అంతే.

“నాది కదే అది! ముందు నన్నడగాలి కదే!” అంది టైలరమ్మ.

అన్నాక ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. తన మాట తన చెవినే పడింది. నేను స్టూలు మీద ఒక కాలు మడిచిన ప్యాంటుతో నిలబడి ఉన్నాను, ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేకపోయాను. నోటి దురద.

“అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే చెల్లెమ్మా. ఆరోజు మనం చేసింది కూడా అదే.”

నన్ను సూదులతో పొడుస్తుందనుకున్నాను. ఆవిడ నావైపు చూడను కూడా లేదు. మావాడి చేతిలోంచి కత్తెర తీసుకుని, అంచు మీద వేలు రాసి చూసుకుని, తొడుగులో పెట్టి, నేల మీద చతికిలబడింది.

“ఆ గుండీ ఎక్కడిదే?” అని అడిగింది పిల్లని.

“నాన్న చొక్కాది. నువ్వు ఊడదీసి పడేశావు కదా, నేను తీసుకున్నా.”

టైలరమ్మకి గుర్తొచ్చింది. అల్లుడు కిందటిసారి వచ్చినప్పుడు, డ్యూటీ చొక్కాకి పగిలిన గుండీ తీసేసి కొత్తది కుట్టింది. పగిలింది చెత్తే కదా అని కింద పడేసింది. అప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుంది, దాచుకోకుండానే.

మర్నాడు పొద్దున్నే పాల కోసం వెళుతూ చూశాను. ఖాళీ పార్కులో టైలరమ్మ ఒక్కత్తే ఇసుక గుంటలో కూర్చుని, పిండి జల్లెడతో ఇసుక జల్లిస్తోంది. నేనూ దిగాను. మోకాళ్ళు వద్దన్నాయి, వినలేదు. గోళీలు వచ్చాయి, జడ క్లిప్పులు వచ్చాయి, ఎవరి బొమ్మదో ఒక చెయ్యి వచ్చింది. ఎండ వీపు మీదికి వచ్చాక ఆవిడ వేళ్ళకి గుండీ తగిలింది. అంచున చిన్న పెచ్చు లేచిపోయి ఉంది. డబ్బాలో ఇంకే గుండీకీ అలా లేదు.

తిన్నగా ఇంటికి తీసుకెళ్ళి నిద్రమొహంతో ఉన్న పిల్ల ముందు అరచెయ్యి చాపిందట. “మీ నాన్న దొరికాడే. నిన్నడక్కుండా ఇచ్చేశాను, తప్పు నాదే” అందట. పిచ్చుక గుండీ తీసుకుంది. క్రేను సీట్లో కూర్చోబెట్టింది. ఆ సాయంత్రం కూడా గోడ పట్టుకునే పార్కుకి వచ్చింది. తప్పొప్పుకుంటే మాత్రం, పగిలింది వెంటనే అతుక్కుంటుందా?

కొన్నాళ్ళకి పార్కుకి ఒక కొత్త తల్లి వచ్చింది. ఆమె కొడుకు, పిచ్చుక మళ్ళీ బయటికి తీసిన క్రేను చూసి ఇసుకలో పడి దొర్లుతూ ఏడుపు లంకించుకున్నాడు. ఇక్కడి చట్టం ఆమెకి ఎవరో చెప్పినట్టున్నారు, నేరుగా టైలరమ్మ దగ్గరికే వచ్చింది.

“మీ పాపని కాసేపు ఇవ్వమనండి ఆంటీ.”

బెంచీలన్నీ ఇటు తిరిగాయి. పిచ్చుక క్రేనుని పొట్టకి కరుచుకుని, అమ్మమ్మ చేతులవైపే చూస్తోంది. ఆ చూపు నేను చూశాను, టైలరమ్మా చూసింది. ఆవిడ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టేసుకుంది.

“అది దానిదమ్మా. దాన్నే అడగండి” అంది.

కొత్త తల్లి అడిగింది. పిచ్చుక తల అడ్డంగా ఊపింది. కాసేపు ఆలోచించి, సంచీలోంచి బకెట్టూ పారా తీసి పిల్లాడి ముందు పెట్టింది. వాడు వాటిని తన్నేశాడు.

“పిల్లలకి పంచుకోవడం నేర్పాలండీ” అని కొత్త తల్లి అందరికీ వినబడేలా అని కొడుకుని ఎత్తుకుంది. అచ్చం టైలరమ్మ మాటే, టైలరమ్మ మీదికే వచ్చింది. ఆవిడ మొహం కందిపోయింది. నాలుక చివరి దాకా వచ్చిన జవాబుని ఆవిడ మింగడం మొదటిసారి చూశాను.

కాసేపటికి పిచ్చుకకి జారుడుబల్ల ఎక్కాలనిపించింది. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. క్రేను సీట్లోంచి గుండీ ఊడదీసి చూసుకుంది. ఎక్కడ పెట్టాలా అని గౌను జేబు తడిమింది, సంచీలోకి తొంగి చూసింది. చివరికి టైలరమ్మ ముందుకి వచ్చి నిలబడింది.

“అమ్మమ్మా, నాన్నని పట్టుకో. పడేయకు” అని గుండీని ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే తనే మూసింది. జారుడుబల్లవైపు పరుగెత్తింది.

టైలరమ్మ పిడికిలి ఒళ్ళో పెట్టుకుని, రెండో చెయ్యి దాని మీద కప్పి, కదలకుండా కూర్చుంది. బిస్కెట్ ప్యాకెట్టు విప్పి ఆవిడ ముందుకి చాపాను.

“వద్దన్నయ్యగారూ, చెయ్యి ఖాళీ లేదు” అంది.