తిండి వేరు, ఊట వేరు

“నేను వాడికి తిండి పెట్టలేదే!”

“మరి పెరుగన్నం ఏమవ్వా?”

“అది ఊట. తిండి ఎట్లయితాది?”

“అయ్యో! తిండయినా, ఊటయినా ఏమీ పెట్టకూడదు. ఖాళీ కడుపుతో తీసుకొని రమ్మన్నారు. అంత కూడా అర్థం కాలేదా నీకు?”

“చెప్పింది చెప్పినట్లే చేస్తిని. ఫోన్లో ఆ పిల్ల ‘బెళిగ్గె తిండి కొడబేడి’ అనె, పొద్దున తిండి పెట్టద్దని. ఇడ్లీ ముక్క గూడా చూపించలేదు వాడికి.”

“ఎనిమిది రోజులు కాచుకొని ఉంటిమి ఈ డాక్టరు కోసం. ఎనిమిది రోజులవ్వా!”

ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ, సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోలో జరిగిందీ గొడవ. ఒక పక్క నేను, ఒక పక్క మనవరాలు, మధ్యలో పాత దుప్పటి మీద కుక్క. ఆటో నడిపే అతను అద్దంలో మమ్మల్ని చూశాడు. “అజ్జి చెప్పేది కరెక్టే కదమ్మా. తిండి వేరే, ఊట వేరే,” అన్నాడు. “మీరు రోడ్డు చూసి నడపండన్నా,” అని మనవరాలు కసిరింది. ఇంకో రోజయితే నాకు నవ్వొచ్చేది.

బెంగళూరు నగర్తపేటలో మా ఇండ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడతాం. కానీ అందులో సగం మాటలు కన్నడానివే. మాకు తిండి అంటే పొద్దున తినే ఇడ్లీ, దోసె, ఉప్పిట్టు. అన్నమో రాగిముద్దో తింటే అది ఊట. తిండి అయిందా అని పొద్దున అడుగుతాం, ఊట అయిందా అని మధ్యాహ్నం అడుగుతాం. మనవరాలికి ఈ తేడా తెలియక కాదు. దాని అమ్మానాన్నలు ఫ్యాక్టరీ పనికి దగ్గరని చందాపురలో ఉంటారు, అది ఆఫీసుకు వీలని నా దగ్గర ఉంటుంది. పగలు ఇంట్లో ఉండేది నేనే కాబట్టి ఆసుపత్రిలో నా ఫోన్ నంబరు ఇచ్చింది. వాళ్ళు చెప్పింది నేనే విన్నాను.

కుక్క పొట్టలో గడ్డ ఉందని మా పేట పశువుల డాక్టరు కనిపెట్టాడు. అది పగిలితే కష్టం, పెద్ద డాక్టరుకు చూపించండి, ఆయన మత్తు ఇచ్చి స్కాన్ చేస్తాడు, వీలయితే ఆ పూటే గడ్డ తీసేస్తాడు అన్నాడు. ఇంకొన్నాళ్ళు బతకాలంటే వాడికి ఉన్న దారి అదొక్కటే. ముందు రోజంతా నేను సిద్ధం చేస్తూనే ఉన్నాను. పాత మందుల చీటీలన్నీ వరసగా పెట్టాను. ఉచ్చ పట్టుకొని రమ్మన్నారని ఊరగాయ సీసా వేడినీళ్ళలో ఉడకబెట్టాను. కొత్త సీసా కొందామని మనవరాలంటే, కుక్క ఉచ్చకు కొత్త సీసా ఎందుకే అన్నాను. పొద్దున్నే మిద్దె మీద వాడు కాలెత్తిన చోటికల్లా గరిటె పట్టుకొని పరుగెత్తాను.

అంతా సరిగ్గానే చేశాననుకున్నాను. డాక్టరు బల్ల దగ్గర నిలబడి, “పొద్దున ఏమైనా పెట్టారా?” అని అడిగితే, మనవరాలి కంటే ముందు నేనే జవాబు చెప్పాను. “తిండి పెట్టలేదు సార్. రెండు ముద్దలు పెరుగన్నం, అంతే.”

ఆయన చేతిలో సూది తిరిగి ట్రేలో పెట్టేశాడు. తిన్న కడుపుతో మత్తిస్తే అన్నం పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుందని నిదానంగా చెప్పాడు. ఈ రోజు కుదరదు, రేపు పొద్దున అందరికంటే ముందు తీసుకొని రండి అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేనూ ఒక మాట అనేదాన్ని.

ఇంటికి వచ్చాక మనవరాలు కుక్క పక్కనే కూర్చుంది. నేను బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఆటోలో నేను చెప్పింది అబద్ధం కాదు. అయితే అంతా చెప్పలేదు.

ఆ కుక్కను పన్నెండేళ్ళ కిందట మా ఆయన తెచ్చాడు. తన అంగడికి జరీ దారం వచ్చే అట్టపెట్టెలో పెట్టుకొని తెచ్చాడు. వంటింటి గడప దాటితే బయటికి తోసేస్తానని ఆ రోజే చెప్పాను. వాడు ఒక్కనాడూ దాటలేదు. ఆయన పోయిన తరువాత కూడా దాటలేదు. నేను వాడిని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, దగ్గర కూర్చోబెట్టుకోలేదు. మిగిలిన అన్నం గిన్నెలో పోసి మిద్దె మీద పెట్టేదాన్ని. వాడు మూడు రోజులుగా దాన్నీ ముట్టలేదు. అట్లాంటివాడు ఆ పొద్దున, ఇంకా చీకటిగా ఉండగానే, గడప బయట నిలబడి నా మొహం చూశాడు. ఆకలి వేసిందని తెలిసిపోయింది. అన్నం మెత్తగా పిసికి, పెరుగు కలిపి, ముద్ద చేసి అరచేతిలో పెట్టాను. వాడు తిన్నాడు. చెయ్యి కూడా నాకాడు.

రెండో ముద్ద కలుపుతూ మనవరాలిని లేపి అడగాలనుకున్నాను. నాలుగు అడుగులు వేస్తే దాని గది. అడిగితే వద్దంటుందని తెలుసు. ఫోన్లో పిల్ల అన్నది తిండి కదా, ఇది ఊట కదా అని మనసులోనే ఒకసారి అనుకొని, ఆ ముద్ద కూడా పెట్టాను.

ఈ మాట మనవరాలితో ఆ రోజు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

సాయంత్రం అది ఒక కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకు అంటించింది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కూడబలుక్కొని చదవాలి. పైకే చదివాను. “తిండి లేదు. ఊట లేదు. పాలు లేవు. మజ్జిగ లేదు. బిస్కెట్ లేదు. అవ్వ చెయ్యి కూడా నాకనియ్యకూడదు.”

“ఇంకేమన్నా ఉండాదా, ఇంతేనా?” అన్నాను.

“గాలి పీల్చచ్చు,” అంది. అప్పుడు దానికి కొంచెం నవ్వొచ్చింది. వెంటనే ఏడ్చింది. నేను వాడి దుప్పటి ఉతకడానికి పోయాను.

మరుసటి పొద్దున వాడు మళ్ళీ గడప దగ్గరికి వచ్చాడు. నిలబడలేక గోడకు ఒరిగాడు. నేను రెండు చేతులూ చూపించి, “లేదు రా,” అన్నాను. వాడు కాసేపు చూసి, గడప మీదే పడుకున్నాడు. తల లోపలి వైపు ఉంది. నేను తోయలేదు. వాడిని దాటుకుంటూ పనులు చేసుకున్నాను.

ఏడింటికి ఆసుపత్రికి చేరాం. పొట్ట మీద వెంట్రుకలు గొరిగి, మత్తు ఇచ్చి, లోపలికి తీసుకొని పోయారు. అరగంటకు డాక్టరు బయటికి వచ్చి మా పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. గడ్డ పగిలిపోయింది, పొట్ట నిండా రక్తం ఉంది అన్నాడు. ఇక కోసి లాభం లేదు, నిద్రలోనే పంపించేస్తే నొప్పి తెలియదు అన్నాడు.

“నిన్న చేసి ఉంటే?” అని మనవరాలు అడిగింది.

“అది చెప్పలేనమ్మా,” అన్నాడాయన.

అది నా వైపు చూడలేదు. నర్సు కాగితం తెచ్చి, ఇంటివాళ్ళు ఎవరైనా సంతకం చేయాలంది. మనవరాలు పెన్ను పట్టుకొని అట్లే ఉండిపోయింది. నేను పెన్ను తీసుకొని, ఒక్కొక్క అక్షరమే నా పేరు రాశాను. తరువాత ఇద్దరం లోపలికి వెళ్ళాం. వాడు నిద్ర లేవలేదు.