కరెంటు చూసుకునే ముద్ద

మా మరిది ఇనప గేట్లు చేస్తాడు. నేను అదే ఇనుముతో శిల్పాలు చేస్తాను. ఒకే షెడ్డులో ముందు సగం అతనిది, వెనక సగం నాది. పాత రాతి విగ్రహాల మీద బట్టల మడతలు ఏ కాలంలో ఎలా మలిచారో నేను గంటసేపు చెప్పగలను. అతను పదో తరగతి రెండుసార్లు తప్పాడు. అయినా ఈ ఇంటికి వచ్చిన పదకొండేళ్ళుగా అతన్ని చూస్తే నాకు కడుపుమంటే. అతని అతుకు ఒక్కటీ వంకర పోదు, పైగా పని చేస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తాడు.

పొద్దున్నే మిషను వేయగానే, కరెంటు సరిగ్గా వస్తోందో లేదో చూసుకోడానికి సగం వెల్డింగ్ రాడ్డు చుక్కలు చుక్కలుగా కరిగిస్తాడు. ఎవరైనా చేతికందిన తుక్కు మీద ఆ పని చేస్తారు. ఇతను మాత్రం మొదటి రోజు దొరికిన ముక్క మీదే పెడుతూ వచ్చాడు. చుక్క మీద చుక్క పేరుకుని అది మోకాలెత్తు ముద్దయి, తలుపు పక్కన పడి ఉండేది.

లైబ్రరీ ముందు పెట్టడానికి శిల్పం కావాలని కమిటీ వాళ్ళు మా షెడ్డుకి వచ్చారు. ఎనిమిది నెలలు కూర్చుని నేనొకటి చేసి ఉంచాను. సగం విచ్చుకున్న విత్తనం, దాని లోపల చేతులు విరిగిన పాత విగ్రహపు ఒంపు. అది వాళ్ళకి నచ్చితే నేను శిల్పిని. నచ్చకపోతే గేట్ల షెడ్డులో వదినగారిని.

విత్తనాన్ని చూసి బాగుందన్నారు, మర్యాదకి అన్నట్టు. వెళ్ళబోతూ కమిటీ పెద్దావిడ తలుపు దగ్గర ఆగిపోయింది. ముద్ద చుట్టూ రెండుసార్లు తిరిగింది. పగడపు దిబ్బలా ఉందట, వానకి అరిగిన దేవతా విగ్రహంలానూ ఉందట. ఎవరు చేశారని అడిగింది.

మా మరిది చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "ఈ షెడ్డులో బొమ్మలన్నీ మా వదినవేనండి" అన్నాడు, నాకు సాయం చేస్తున్నాననుకుని.

నేను సిగ్గులేకుండా దానికొక పేరు కూడా పెట్టాను.

ముద్ద లైబ్రరీ మెట్ల పక్కకి వెళ్ళిన నెలకి, మెట్లకి రెండో పక్క కూడా అలాంటిదే కావాలని ఉత్తరం వచ్చింది. మూడు నెలలు తంటాలు పడ్డాను. ఎంత చేసినా కేకు మీద క్రీము పువ్వుల్లా వస్తోంది. అతను చూసి చూసి ఇక ఆగలేకపోయాడు.

"చుక్క ఎక్కడ పడితే బాగుంటుందా అని చూస్తున్నారు వదినా. నేనెప్పుడూ ముద్దని చూడలేదు. మంట చూసేవాణ్ణి, అంతే."

ఒళ్ళు మండిపోయింది. అయితే నువ్వే చెయ్యమన్నాను. పాతదాన్ని వాళ్ళెందుకు తీసుకెళ్ళారో, అందులో పగడాలేమిటో, దేవతేమిటో అంతా విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు పాపం.

రెండోది కుదరదని కమిటీకి ఇంకా చెప్పలేదు. అతనికీ రావడం లేదు. రోజూ పొద్దున్నే మిషను వేసి, రాడ్డు పట్టుకుని, కొత్త ముక్క ముందు నిలబడిపోతున్నాడు.

"ఇది ఎక్కడ పెడితే బాగుంటుంది వదినా?" అని నన్ను అడుగుతున్నాడు.

అతన్ని చూస్తే ఇప్పుడు నాకు కడుపుమంట లేదు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా, హాయిగా ఉంది.